కరూలో చెవులపిల్లి కోసం

ఇంటికి వచ్చి నాలుగు రోజులైంది. బూట్ల అడుగున ఇంకా ఎర్రమట్టి ఉంది, కడగబుద్ధి కావడం లేదు. మరిచిపోకముందే రాసి పెట్టుకుందామని కూర్చున్నాను.

దక్షిణాఫ్రికా వెళ్తున్నామని చెప్పగానే అందరూ అడిగిన మాట ఒకటే, "సింహాలు చూస్తారా?" అని. సింహాలు, ఏనుగులు ఉండే క్రూగర్ జాతీయ పార్కు వైపు మేం పోనేలేదు. ఎక్కువగా ఆ ఖండం చివరి కొసలోనే దొరికే జంతువుల కోసం, ముఖ్యంగా కరూ అనే ఎండునేలలో బతికే ఒక చెవులపిల్లి (కుందేలు) కోసం వెళ్లాం. వాటిలో చాలావరకు చిన్నవి, రాత్రిపూట తిరిగేవి, మనిషి అలికిడికే దాక్కునేవి.

కడపలో ముప్పై రెండేళ్లు జువాలజీ చెప్పాను. చీమలు, చెదలు తినే ఆర్డ్‌వార్క్ అనే ఆఫ్రికా జంతువు బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు వేశానో లెక్క లేదు. నేను రిటైరైన ఏడాదే జొహానెస్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, బొమ్మలు చాలు, నిజమైనది చూద్దాం రా" అన్నాడు. మేమిద్దరం, హాలండ్ నుంచి వచ్చిన భార్యాభర్తలు, ఇంగ్లండ్ నుంచి ఇద్దరు స్నేహితులు, మొత్తం ఆరుగురం. మాతో గైడు. పదకొండు రోజులకు మనిషికి దాదాపు 3 లక్షల 20 వేలు అయింది, విమానం ఖర్చు వేరే. ఆగస్టును గైడే ఎంచాడు. అక్కడ అది చలికాలం. చలి ముదిరితే రాత్రి జంతువులు కొన్ని సాయంత్రమే బయటికొస్తాయి. 23న అమావాస్య కూడా. వెన్నెల లేకపోతే మేత మేసే చిన్న జంతువులు ధైర్యంగా తిరుగుతాయట.

ఆగస్టు 15, కేప్‌టౌన్

నా పెట్టె రాలేదు. చలిబట్టలన్నీ దాంట్లోనే ఉన్నాయి. విమానాశ్రయంలో కాగితం నింపి ఇచ్చాం. రెండు రోజుల్లో పంపిస్తామన్నారు. తమ్ముడి స్వెటర్ వేసుకుని బయటపడ్డాను.

మధ్యాహ్నం గైడు మమ్మల్ని కొండ దగ్గరికీ సముద్రం దగ్గరికీ తీసుకెళ్లకుండా నేరుగా ఇజికో మ్యూజియానికి తీసుకెళ్లాడు. అక్కడ అద్దాల పెట్టెలో ఒక క్వాగా పిల్ల ఉంది. క్వాగా అంటే అంతరించిపోయిన ఒక రకం జీబ్రా. గడ్డి కూరిన చర్మం. మేకపిల్లంత మెత్తటి ముఖం. తల మీద, మెడ మీద చారలున్నాయి, వెనక్కి పోయే కొద్దీ మాసిపోయి ఒట్టి గోధుమరంగు మిగిలింది. గొర్రెలు తినాల్సిన గడ్డి తింటున్నాయని ఈ జంతువులను కాల్చేశారు. ఆఖరిది 1883 ఆగస్టు 12న ఆమ్‌స్టర్‌డామ్ జూలో చనిపోయింది. ఆ జాతిలో అదే చివరిదని ఆ రోజు అక్కడ ఎవరికీ తెలియదు.

"ముందు దీన్ని చూడండి. తర్వాత చూసేవన్నీ వేరేగా కనిపిస్తాయి" అన్నాడు గైడు. అతను చెప్పింది నిజమే. ఆ తర్వాత పది రోజులూ ఏ జంతువును చూసినా ఆ పిల్ల ముఖం గుర్తొచ్చేది.

ఆగస్టు 16, 17: డి హూప్

కేప్‌టౌన్ దాటి తూర్పుకు పోతుంటే రెండు వైపులా పచ్చని పసుపు. కనోలా పూత. ఆవ జాతి పంట, నూనె కోసం వేస్తారు. మన వైపు పొద్దుతిరుగుడు చేలు గుర్తొచ్చాయి, కాకపోతే ఇవి గట్లు లేకుండా గుట్టల మీదికి ఎక్కి అవతలికి దిగిపోతున్నాయి.

డి హూప్ అభయారణ్యంలో బస దగ్గరే బాంట్‌బాక్ అనే జింకలు మేస్తున్నాయి. ముదురు చాక్లెట్ రంగు ఒళ్లు, ఎండ పడితే ఊదా మెరుపు, ముఖం మీద సున్నం పూసినట్టు తెల్లటి పట్టీ. పెంపుడు మేకల్లా నిబ్బరంగా తింటున్నాయి. అంత సులువుగా కనిపించే జంతువు ఒకప్పుడు దాదాపు అంతరించిపోయిందంటే నమ్మబుద్ధి కాలేదు. పందొమ్మిదో శతాబ్దంలో బ్రెడాస్‌డార్ప్ వైపు కొన్ని రైతు కుటుంబాలు తమ పొలాల్లో కంచె వేసి, వేటగాళ్లను రానీయకుండా కాపాడాయి. 1931లో వాటి కోసం జాతీయ పార్కు పెట్టేటప్పటికి అందులో ఉన్నవి 17. ఇదే నేల మీద తిరిగిన బ్లూబక్ అనే మరో జింకకు అలాంటి ఇరుగుపొరుగు దొరకలేదు. 1800 ప్రాంతానికే అది లేకుండా పోయింది.

క్వాగాను చంపింది రైతులు. బాంట్‌బాక్‌ను బతికించిందీ రైతులే. ఆ రాత్రి తమ్ముడితో ఈ మాటే అంటే, "అక్కా, నువ్వు ఇంకా క్లాసులోనే ఉన్నావు, పడుకో" అన్నాడు. పడుకున్నాను గానీ నిద్ర రాలేదు.

మర్నాడు కొప్పీ అలీన్ ఇసుక దిబ్బల మీద నిలబడి తిమింగలాలు చూశాం. పిల్లలు పెట్టడానికి చలికాలంలో ఆ తీరానికి వస్తాయి. తల్లి పక్కన పిల్ల దొర్లుతుంటే గంటసేపు ఎవరం మాట్లాడలేదు. సాయంత్రం పాట్‌బర్గ్ కొండ మీద కేప్ రాబందులు. పశ్చిమ కేప్ మొత్తంలో అవి గూళ్లు పెట్టే చోటు ఆ ఒక్కటే మిగిలింది.

ఆగస్టు 18, తప్పిన దారి

స్వెలెండమ్‌కు బయల్దేరాం. ఫోన్ మ్యాప్ దగ్గర దారి చూపిస్తోందని గైడు కంకరరోడ్డు మీదికి తిప్పాడు. ముప్పావుగంట పోయాక రోడ్డు నేరుగా నదిలోకి దిగిపోయింది. వంతెన లేదు. బ్రీడె నది, మాల్గాస్ అనే చిన్న ఊరు. గైడు తల పట్టుకుని మాకు రెండుసార్లు సారీ చెప్పాడు.

నాకైతే ఆ తప్పు వల్ల మంచే జరిగింది. అక్కడ మనుషులు లాగే బల్లకట్టు ఉంది. ఆ దేశంలో చేత్తో నడిపే బల్లకట్టు అదొక్కటే మిగిలిందట. ఒడ్డు నుంచి ఒడ్డుకు ఇనుప తీగ కట్టి ఉంటుంది. ఇద్దరు మనుషులు భుజానికి పట్టీ వేసుకుని, దాన్ని తీగకు తగిలించి, బల్లకట్టు మీదే ముందు కొస నుంచి వెనుక కొసకు వంగి నడుస్తారు. వాళ్ల అడుగు వెనక్కి పడే కొద్దీ కట్టు ముందుకు పోతుంది. మా బండి, మేము ఏడుగురం, ఆ ఇద్దరి బలం. చిన్నప్పుడు మోట తోలే ఎద్దులను చూశాను. అదే వంగడం, అదే నింపాదితనం. తమ్ముడు అడిగి పట్టీ వేసుకుని పదడుగులు లాగాడు. దిగాక అరచేతులు రుద్దుకుంటూ, "రోజంతా ఎలా లాగుతారో!" అన్నాడు. ఇద్దరికీ కలిపి వంద రాండ్లు ఇచ్చాం. రాండు అంటే అప్పటికి మన అయిదు రూపాయలకు కాస్త తక్కువ. వాళ్లు రెండు చేతులూ దోసిలి పట్టి తీసుకున్నారు. అక్కడ చాలామంది అలాగే తీసుకుంటారు. ఒంటిచేత్తో అందుకోవడం మర్యాద కాదని గైడు చెప్పాడు.

స్వెలెండమ్‌లో రైతుల కో-ఆపరేటివ్ దుకాణంలో మందపాటి జాకెట్ కొన్నాను, 620 రాండ్లు. గొర్రెల మందులు, తీగచుట్టలు, పిల్లల బూట్లు అన్నీ ఒకేచోట అమ్మే దుకాణం. లెక్క కట్టే ఆమె జాకెట్ జిప్పు తనే రెండుసార్లు వేసి తీసి చూసి ఇచ్చింది. పెట్టె ఆ రాత్రి వచ్చింది గానీ తర్వాత అన్ని రోజులూ ఆ జాకెట్టే వేసుకున్నాను.

ఆగస్టు 19, 20: కరూ నేషనల్ పార్కు

బారీడేల్‌లో రోడ్డు పక్కన రూస్టర్‌కుక్ తిన్నాం. నిప్పుల మీద నేరుగా కాల్చిన రొట్టె, లోపల వెన్న, చీజు, ఆప్రికాట్ జామ్. 48 రాండ్లు. చేతులు కాలుతుంటే ఊదుకుంటూ తింటే ఆ రుచే వేరు. ఇలాంటి దారిపక్క కొట్లను పాడ్‌స్టాల్ అంటారు. ఎండిన పళ్లు, జాడీల్లో జాములు, బిల్టాంగ్ అనే ఎండుమాంసం అమ్ముతారు. మన వడియాల దండెం లాగా బిల్టాంగ్‌ను దారాలకు వేలాడదీసి ఉంచారు.

స్వార్ట్‌బర్గ్ కొండలు దాటగానే పచ్చదనం తెగిపోయింది. కరూ. ఆ మాటకు అక్కడి పాత భాషలో 'ఎండిన నేల' అని అర్థమట. అనంతపురం దాటి కళ్యాణదుర్గం వైపు పోతే ఎలా ఉంటుందో అలా, దానికి పదింతలు. మోకాటి ఎత్తు పొదలు, బల్లపరుపు గుట్టలు, అక్కడక్కడ గాలిమర.

బోఫోర్ట్ వెస్ట్‌లో పెట్రోల్ బంకు దగ్గర ఆగాం. అక్కడ పెట్రోలు కొట్టే మనిషే అద్దాలు తుడుస్తాడు, టైర్లలో గాలి చూస్తాడు, పది రాండ్లు చేతిలో పెట్టడం రివాజు. నేను దిగి ఒకాయనను బాత్రూమ్ ఎటని అడిగాను. ఆయన నన్ను చూసి, "గుడ్ మార్నింగ్ మామా, ఎలా ఉన్నారు?" అన్నాడు. నేను బాగున్నాను, మీరెలా ఉన్నారని అడిగాక నవ్వి దారి చూపించాడు. పలకరింపు లేకుండా పని అడగడం ఆ దేశంలో మొరటుతనం. దుకాణంలోనైనా, గేటు దగ్గరైనా ముందు క్షేమం అడగాలి. మా అవ్వ కూడా ఊళ్లో ఎవరు ఎదురైనా "అన్నం తింటివా?" అని అడిగాకే పని సంగతి ఎత్తేది. ఆ రోజు నుంచి నేను తప్పలేదు. 'మామా' అంటే అక్కడ తల్లి వయసు ఆడమనిషి.

పార్కులో కేప్ పర్వత జీబ్రాలు. మామూలు జీబ్రాకూ దీనికీ తేడా గైడు ఓపికగా చూపించాడు. మెడ కింద చిన్న గంగడోలు, తోకకు పైన నిచ్చెన మెట్లలా సన్నని అడ్డచారలు, పొట్ట తెల్లగా. 1950ల్లో ఎనభై కంటే తక్కువే మిగిలాయి. క్రాడాక్ దగ్గర 1937లో వీటి కోసమే పార్కు పెట్టినా ఆడవి సరిపడా లేక మంద పెరగలేదు. 1950కి అక్కడ మిగిలింది రెండే. పక్క పొలం రైతు తన దగ్గరున్న జీబ్రాలు ఇస్తేనే మళ్లీ మొదలైంది. మళ్లీ రైతే!

క్లిప్‌స్ప్రింగర్ పాస్ మీద ఆ పేరుగల చిన్న జింకలు రెండు కనిపించాయి. గిట్టల కొనల మీద నిలబడతాయి, రూపాయి బిళ్ళంత చోటు చాలు. చలి మాత్రం చంపేసింది. పొద్దున బయల్దేరే ముందు కాఫీలో ముంచుకు తినే రస్కులు ఇస్తారు, బెస్కేట్ అంటారు. ఇటుకలంత గట్టివి. మన టీ-రస్కు అలవాటున్నవాళ్లకు అది స్వర్గమే.

ఆగస్టు 21, లాక్స్‌టన్ దగ్గర ఒక ఫారం

ఈ యాత్రలో నేను మనసు పెట్టుకున్న చోటు ఇదే.

నదీతీరపు కుందేలు. కరూలో ఏడాదిలో కొంతకాలమే నీరుండే ఏటి ఒడ్ల మీద, మెత్తటి ఒండ్రుమట్టిలో, కొన్ని రకాల పొదల మధ్య ఎక్కువగా బతుకుతుంది. ఏడాదికి ఒకటో రెండో పిల్లలు. కుందేళ్లు గంపెడు పిల్లల్ని కంటాయని మనం అనుకుంటాం కదా, ఇది అలా కాదు. ఏటి ఒడ్డు మట్టే సేద్యానికీ మంచిది కనుక దున్నేశారు. దాని నేలలో మూడింట రెండు వంతుల పైనే పోయింది. ఇప్పుడు అంతరించే అంచున ఉన్న క్షీరదాల్లో ఒకటి.

1903లో దీనికి శాస్త్రీయ నామం పెట్టారు. ఆ తర్వాత శాస్త్రవేత్తలెవరికీ నలభై ఏళ్లకు పైగా కనిపించలేదు. 1947లో గై షార్ట్‌రిడ్జ్ అనే మ్యూజియం అధికారి, పట్టి తెచ్చినవాళ్లకు ఒక్కోదానికి పౌను ఇస్తానని పల్లెల్లో చాటిస్తే తెచ్చిచ్చారు. అందుకే దానికి 'పౌను కుందేలు' అని కూడా పేరు. ఊళ్లవాళ్లకు మొదటి నుంచీ తెలుసు. 'డూక్‌ఫూట్' అని పిలిచేవాళ్లు, బట్ట చుట్టినట్టు బొచ్చు పాదాలు కనుక.

ఈ కథ వింటుంటే నాకు ఒళ్లు జలదరించింది. మా కలివికోడి అనే పక్షి కథా ఇదే. 1848లో పేరు పెట్టారు, 1900 తర్వాత లేదన్నారు, 1986 జనవరిలో మా కడప జిల్లాలోనే మళ్లీ దొరికింది. అది కూడా రాత్రి టార్చి వేసుకుని అడవిలో తిరిగే ఊరిమనిషి చేతికి. నేను అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. లెక్చరర్ క్లాసులోకి పేపర్ పట్టుకొచ్చి చదివి వినిపించారు. ఆ తర్వాత లంకమల చిట్టడవుల్లోకి ఎన్నిసార్లు పోయానో! ఒక్కసారి కూడా కనిపించలేదు.

ఫారానికి ముప్పై కిలోమీటర్ల మట్టిదారి, ఐదు గేట్లు. ముందు సీట్లో కూర్చున్నవాళ్లే దిగి గేటు తీయాలి. అది నా వంతు. మూసి ఉన్న గేటు దాటాక మళ్లీ మూయాలి, తెరిచి ఉన్నదాన్ని ముట్టుకోకూడదు. తెరిచి ఉంచిన గేటు గొర్రెలు నీళ్లకు పోయే దారి కావచ్చు, మనం మంచి చేస్తున్నామనుకుని మూసేస్తే అవి అవతలే దాహంతో ఉండిపోతాయి. ఒక్కో గేటుకు ఒక్కో రకం గొళ్లెం. ఒకదానికి గొలుసు, ఒకదానికి తీగ ఉచ్చు. నాలుగో గేటుకల్లా చేతులు కొంకర్లు పోయాయి.

రైతు డెబ్బై దాటినాయన. అందరూ 'ఊమ్' అని పిలుస్తారు, అంటే పెదనాన్న, మామ లాంటి మాట. పెద్ద ఆడవాళ్లు 'టానీ'. చుట్టరికం ఉండక్కర్లేదు. ఆయన మనవరాలు, ఆరేళ్లది, వచ్చీరాగానే నన్ను టానీ అని పిలిచి చెయ్యి పట్టుకుంది. కోళ్లు చూపిస్తానని లాక్కుపోయింది. పరాయి దేశంలో ఉన్నానన్న బెరుకు అక్కడితో పోయింది.

రాత్రి భోజనానికి కరూ గొర్రెమాంసం, దాల్చినచెక్క వేసి ఉడికించిన తియ్యగుమ్మడి, అన్నం, గ్రేవీ. ఆ గొర్రెలు మేసే పొదల వాసన మాంసంలోకి వస్తుందని చెబుతారు. నిజంగానే వచ్చింది, వాము ఆకు నలిపినట్టు. నేను తెచ్చుకున్న గోంగూర పచ్చడి బల్ల మీద పెట్టాను. ఇంటావిడ మాంసం ముక్క మీద కొంచెం రాసుకుని తిని, కళ్లు మూసుకుని, మరో చెంచా వేసుకుంది. గోంగూరకూ మాంసానికీ జోడీ కుదురుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకు చాలా సంతోషం వేసింది. సీసా అక్కడే వదిలేశాను.

ఎనిమిదింటికి బయల్దేరి పదకొండున్నర దాకా తిరిగాం. వెనుక తెరిచిన బండి, దాన్ని బక్కీ అంటారు. దుప్పట్లు, ఒళ్లో వేడినీళ్ల సంచి. లైటు పట్టుకున్న గైడు కళ్ల మెరుపును వెతుకుతాడు. మామూలు చెవులపిల్లులు చాలానే కనిపించాయి. ప్రతిసారీ గుండె ఆగేది, ప్రతిసారీ తోక నలుపు తెలుపు అని తేలేది. నదీతీరపు కుందేలు తోక గోధుమరంగు ఉన్నికుచ్చులా ఉంటుంది. పెద్ద చెవుల నక్కలు ఆరు, ఒక ఏదుపంది. మేం వెతికే కుందేలు మాత్రం కనిపించలేదు.

ఆగస్టు 22

తెల్లవారుజామున మళ్లీ పోయాం. లేదు.

పగలు రాతి గుమ్మటాల్లా ఉన్న పాత ఇళ్లు చూశాం. దూలాలకు కలప దొరక్క, రాయి మీద రాయి లోపలికి జరుపుతూ పైకప్పు దాకా కట్టారు. లోపల నిలబడితే బావిలో ఉన్నట్టుంది.

మధ్యాహ్నం ఊమ్‌తో అరుగు మీద కూర్చున్నాను. గుంటనక్కలు గొర్రెపిల్లల్ని తీసుకుపోతే ఏం చేస్తారని అడిగాను. దాచుకోలేదు. "కాలుస్తాను. పోయినేడు నలభై పిల్లలు పోయాయి" అన్నాడు. కాసేపాగి, "ఏటి ఒడ్డు మా నాన్న దున్నాడు, గోధుమ వేశాడు. రెండు పంటలు వచ్చాయి, మూడోది వరదకు పోయింది. నేను దున్నలేదు. వేటకుక్కలను అటువైపు పోనివ్వను" అన్నాడు. ఆ కుందేళ్ల కోసం పనిచేసే సంస్థవాళ్లతో ఆయనా చుట్టుపక్కల రైతులూ ఒప్పందం చేసుకున్నారు. డబ్బు ఇస్తారా అంటే లేదన్నాడు. మరెందుకు అని అడగబోయి ఆగాను. మనవరాలు పక్కనే కూర్చుని ఆ కుందేలు బొమ్మకు రంగులు వేస్తోంది.

నక్కను కాల్చే మనిషే కుందేలును కాపాడడం నాకు మింగుడు పడలేదు, ఇప్పటికీ పూర్తిగా పడలేదు. కానీ నలభై గొర్రెపిల్లలు పోయిన రైతుకు నేను పాఠం చెప్పలేను. మా ఊళ్లో వేరుశనగ చేలో అడవిపందులు పడితే ఏం చేస్తారో నాకు తెలుసు.

రాత్రి తొమ్మిది నలభైకి, ఏటి మలుపు దగ్గర, గైడు బండి కప్పు మీద మెల్లగా తట్టాడు. లైటు అంచున ఒక పొద. పొద కింద ముఖం. కంటి చుట్టూ తెల్లటి వలయం, నోటి మూల నుంచి చెంప మీదుగా చెవి కిందికి పోయే ముదురు చార, ఎవరో కాటుకతో గీసినట్టు. నేను నోరు గట్టిగా మూసుకున్నాను. అది రెండు గంతులు వేసింది. తోక! గోధుమరంగు, కుచ్చులా. ఆగి ఆకు కొరికింది. గైడు లైటు పక్కకు తిప్పేశాడు. ఎక్కువసేపు కళ్లలో వేస్తే కాసేపు దానికి దారి కనపడదట, ఆ కాసేపట్లో గుడ్లగూబ చాలు. మొత్తం ఇరవై సెకన్లు ఉంటుందేమో.

హాలండ్ ఆవిడ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇంటికి వచ్చేసరికి ఇంటావిడ పొయ్యి దగ్గర మేలుకునే ఉంది. మా ముఖాలు చూసి ఏమీ అడక్కుండా టీ పోసింది.

ఆగస్టు 23 నుంచి 25: కింబర్లీ దగ్గర

వజ్రాల గని గొయ్యిని ఐదు నిమిషాలు చూసి వచ్చేశాం. గడ్డి మైదానం, ముళ్ల తుమ్మలు, ఎర్ర ఇసుక, వేలకొద్దీ చెదపుట్టలు. పుట్టలున్నాయంటే తినేవాళ్లూ ఉన్నట్టే.

23 సాయంత్రం నాలుగుంపావు. ఎండ ఇంకా పసుపుగా ఉంది. జంతువుల జాడ తీసే అక్కడి ట్రాకర్ చెయ్యి ఎత్తాడు. ముప్పై రెండేళ్లు బోర్డు మీద వేసిన బొమ్మ గడ్డిలో నడిచి వస్తోంది. పంది ముక్కు, గాడిద చెవులు, కంగారూ తోక అని పిల్లలకు చెప్పేదాన్ని. ఇక మీద అలా చెప్పను. దాని నడకలో ఎక్కడా అతుకులు లేవు. వీపు వంచి, ముక్కు నేలకు ఆనించి, గుడ్డివాడు కర్రతో దారి చూసుకున్నట్టు అటూ ఇటూ వాసన చూస్తూ వచ్చింది. ఒకచోట ఆగి ముందుకాళ్లతో తవ్వింది. మట్టి మా బండి దాకా ఎగిరింది. గాలి మా వైపు వీస్తోంది కనుక దానికి మా వాసన తెలియలేదు. పది మీటర్ల దూరం దాకా వచ్చింది. చీమలను నాకే చప్పుడు వినిపించింది, తడిగుడ్డ జాడించినట్టు. నలభై నిమిషాలు దాని వెనుకే నడిచాం.

ఆ వంశంలో మిగిలిన జంతువు అదొక్కటే, దగ్గరి చుట్టాలు ఏవీ లేవు. అది తవ్వి వదిలేసిన బొరియల్లో ఏదుపందులు, అడవిపందులు, పక్షులు కూడా కాపురం పెడతాయి. పగలు కనిపించడం మాకు పండగే గానీ దానికి అంత మంచి సంగతి కాదని ట్రాకర్ చెప్పాడు. తిండి చాలక, రాత్రి చలి ఓర్చుకోలేక పగలు బయటికొస్తుంది. 2013 ఎండల్లో కలహారీలో కరువొచ్చి చీమలు, చెదలు తగ్గితే, పరిశోధకులు గమనిస్తున్న ఆర్డ్‌వార్కుల్లో ఒక్కటి తప్ప అన్నీ చనిపోయాయి. ఆ మాట విన్నాక దాని నడుము వైపు చూశాను, ఎముకలు తేలాయా అని. లేదు, బాగానే ఉంది.

రాత్రి నిప్పుల మీద మాంసం, పక్కన పాప్. తెల్ల మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికిన ముద్ద. మా సీమ మనిషికి సంగటి ఎవరైనా పరిచయం చేయాలా! వేళ్లతో తుంచి, చిక్కుడుగింజలు టమాటా కారంగా వేసిన చకలకాలో అద్దుకు తిన్నాను. వంటామె, స్వానా మాట్లాడే ఊరి మనిషి, నా చెయ్యి చూసి మరో ముద్ద వేసి, "మామాకు తినడం తెలుసు" అంది. ఇంగ్లండ్ వాళ్లు ఫోర్కులు పక్కన పెట్టి నన్ను చూసి నేర్చుకున్నారు.

రెండు రాత్రులు ఒంటిగంట దాకా తిరిగాం. కంగారూలా రెండు కాళ్ల మీద ఎగిరే స్ప్రింగ్‌హేర్‌లు, చీకట్లో వాటి కళ్లు బంతుల్లా ఎగిరెగిరి పడుతుంటాయి. ఆర్డ్‌వుల్ఫ్ దుమ్ములగొండి కుటుంబమే, కానీ తినేది చెదలు, ఒక్క రాత్రిలో రెండు మూడు లక్షలు. గొర్రెపిల్లల్ని తింటుందనుకుని దాన్నీ చాలాకాలం చంపారు. మెడ మీద జూలు నిక్కబొడుచుకుని మా వైపు చూసి, మళ్లీ నాకడంలో పడింది.

మిగిలింది నల్లపాదాల పిల్లి. ఆఫ్రికాలో అతి చిన్న పిల్లి, ఆడది సాధారణంగా కిలోన్నర కూడా తూగదు. మన దేశంలోని తుప్పుమచ్చల పిల్లికి సరిజోడు. ఇక్కడి పాతవాళ్లు 'చీమలపుట్ట పులి' అంటారు. అంత చిన్నది ఒక్క రాత్రిలో పదికి పైగా వేటలు కొడుతుంది. కింబర్లీ పక్కనే బెన్‌ఫాంటైన్‌లో అలెగ్జాండర్ స్లివా అనే జర్మన్ శాస్త్రవేత్త 1992లో మొదలుపెట్టి రాత్రి తర్వాత రాత్రి వీటి వెంట తిరిగి రాసిందే మనకు తెలిసినదంతా అంటే తప్పు లేదు.

24 రాత్రి, పన్నెండు దాటాక, "పిల్లి! పుట్ట వెనుక!" అన్నాడు గైడు. అందరం అటు తిరిగాం. తమ్ముడు చూశాడు. హాలండ్ ఆయన చూశాడు. నా కళ్లద్దాలు ఊపిరి ఆవిరికి మసకేశాయి. తుడుచుకుని చూసేసరికి పుట్ట ఉంది, గడ్డి ఊగుతోంది. ఇంకో గంట ఆ చుట్టే తిరిగాం. తమ్ముడు దారంతా మాట్లాడలేదు, తను చూసినందుకు సంతోషపడడానికి కూడా మొహమాటపడ్డాడు. పొద్దున విమానం.

25 తెల్లవారి ఆరింటికి ట్రాకర్ నా గది తలుపు కొట్టాడు. బాగా నిద్రపోయారా అని అడిగి, కాఫీ తాగనిచ్చి, అప్పుడు "రండి మామా" అన్నాడు. రాత్రి చూసిన పుట్ట దగ్గరికి తీసుకెళ్లాడు. గడ్డి మీద మంచు గట్టిపడి తెల్లగా ఉంది. పుట్ట వెనుక ఎర్ర ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని చూపుడువేలు పెట్టాడు. నాలుగు చిన్న చుక్కలు, వెనుక ఒక మెత్త. గోళ్ల గుర్తు లేదు. పిల్లి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది. పర్సులో కడప నుంచి వచ్చిన ఐదు రూపాయల బిళ్ళ ఒకటి ఉంటే తీసి పక్కన పెట్టాను. ఇంచుమించు రెండూ ఒకే కొలత. ఫొటో తీసుకుని, బిళ్ళ జేబులో వేసుకుని, ఆ అడుగు మీద కాలు పడకుండా పక్కనుంచి నడిచి బండి ఎక్కాను.